ఎదురు వరస

ఆళ్లగడ్డలో అహోబిలం బస్సు కోసం నిలబడేవాళ్లంతా జనార్దనం అంగడి నీడకు చేరతారు. అక్కడ పుట్టిన మాటకు టికెట్టు అక్కర్లేదు. బస్సెక్కి ఊరూరికీ పోతుంది. వరదరాజులు స్వామి గురించిన మాట కూడా ఆ నీడలోనే పుట్టింది.

"దేవుని ముందర ఇంగ్లీషు చదివినాడంట."

"ఊరుకోప్పా. ఆయప్పకు ఇంగ్లీషు యాడొస్తాది?"

"నేర్చుకుంటాండాడు గదా! యాదో దేశంలో కొత్త గుడి కట్టినారంట. ఆడికి పోయేదానికి తయారైతాండాడు."

జనార్దనం బెల్లం తూచుతూ తల ఎత్తకుండానే తీర్పు చెప్పేశాడు. "ముసలితనంలో స్వామికి దుడ్ల మీద ఆశ పుట్టింది. అంతే."

వరదరాజులు పుట్టి పెరిగింది దిగువ అహోబిలంలో. బడి చదువు ఐదో తరగతితో ఆగిపోయింది. తండ్రే ఎదురుగా కూర్చోబెట్టుకుని ఆళ్వారుల తమిళ పాశురాలు సంత చెప్పేవాడు. తండ్రి ఒకసారి అంటే కొడుకు రెండుసార్లు అనాలి. "అర్థం దాని పాటికి అదే వస్తాదిలే, ముందు నోటికి రానీ" అనేవాడాయన. మీసాలు రాకముందే వరదరాజులుకు కోవెల గోష్ఠిలో చోటు దొరికింది. గోష్ఠి అంటే రెండు వరసలుగా ఎదురెదురు కూర్చుని పాశురాలు చదవడం. ఈ వరస ఒక పాదం చదివి ఆపుతుంది, తర్వాతి పాదం ఎదురు వరస అందుకుంటుంది. ఆ ఆగడం ఆయన ఒంట్లో ఊపిరిలాగా కలిసిపోయింది. ఇంట్లో ఒంటరిగా వల్లె వేసుకునేటప్పుడు కూడా తన పాదం చదివి, ఎదురు వరసకు పట్టేంతసేపు ఊరక కూర్చుని, అప్పుడు ముందుకు పోయేవాడు.

పెళ్లైన కొత్తలో అలమేలుమంగ అది చూసి, మొగుడు చదువు మరిచిపోతున్నాడని బెంగపడింది.

"ఎవరి కోసం ఆగుతాండావు?"

"ఎదురు వరస కోసం."

"ఈడ గోడ తప్ప ఎవరుండారు?"

"గోడకైనా దాని వంతు ఇయ్యాల గదా."

వాళ్లకు ఒక్కతే కూతురు, వేదవతి. నంద్యాలలో ఒక విత్తనాల కంపెనీలో పనిచేసే యోగానంద్‌కు ఇచ్చి చేశారు. వాళ్ల బిడ్డ రంజని. రంజనికి ఐదేండ్లు వచ్చినా అమ్మా అనలేదు. పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడదు. ఎత్తుకోబోతే ఒళ్లు కర్రలా బిగుసుకుంటుంది. నోరు లేని పిల్లా అంటే అదీ కాదు. ఫోనులో బొమ్మల పాటలు చూసి నేర్చిందేమో, గోడ వైపు తిరిగి "రెడ్" అంటుంది, "గో" అంటుంది. తెలుగు మాట ఒక్కటి కూడా ఆ నోటినుంచి రాలేదు.

నంద్యాలలో చూపిస్తే డాక్టరమ్మ ఆటిజం అంది. ఆ రోజు వరదరాజులు కూడా వెంట ఉన్నాడు. "మీ మాటల్లోకి రమ్మని బిడ్డను లాగద్దు స్వామీ. ఆ పాప దగ్గర ఏ మాటలుంటే ఆ మాటలతోనే మీరు దగ్గరికి పోవాల" అని ఆమె చెప్పింది. వేదవతి అత్తగారికి అది నచ్చలేదు. "బడులు తెరిచేలోపల అమ్మా అనో తాతా అనో అనిపించండి. ల్యాకపోతే హైదరాబాదులో ఇట్లాంటి పిల్లోల్ల హాస్టలుంది, ఆడ వేస్తాం. మా ఇంట్లో ఇట్లాంటిది యాడా ల్యా" అంది. వేదవతి బిడ్డనెత్తుకుని పుట్టింటికి వచ్చేసింది.

ఆమె వచ్చిన వారానికి వరదరాజులు నంద్యాల వెళ్లి, పుస్తకాల అంగట్లో నిలబడ్డాడు.

"ఇంగ్లీషోళ్లు దినామూ వాడే మాటలు, ఒక్కచోట ఉండేవి యేమన్నా ఉండాయా నాయనా?"

"ఎవరికి స్వామీ, మనవనికా?"

"నాకే."

అంగడివాడు నామం వైపు ఒకసారి, పిలక వైపు ఒకసారి చూసి, నవ్వు ఆపుకుంటూ గోడకు తగిలించే పటం ఒకటి తీసిచ్చాడు. అందులో పేర్లు ఒక వరస, పనులు ఒక వరస, గుణాలు ఒక వరస, లోపల బయట మీద కింద అని చెప్పే చిన్న మాటలు ఒక వరస. ప్రతి మాట కిందా తెలుగు అక్షరాల్లో పలుకు ఉంది. వరదరాజులుకు ప్రాణం లేచివచ్చింది. వరసలుగా ఉన్నదైతే ఆయన ఏదైనా నేర్చుకోగలడు. వసారాలో పటం తగిలించి, తనకు తెలిసిన ఒకే ఒక్క పద్ధతిలో మొదలుపెట్టాడు. టైమ్, పర్సన్, ఇయర్, వే, డే. రాగం పాశురానిదే. మధ్యలో ఆగడం కూడా పాతదే. ఒకసారి వరసంతా చదివి, రెండోసారి ఒక మాట తాను చదివి, తర్వాతి మాటను ఎదురు వరసకు వదిలేసేవాడు.

అలమేలుమంగ వంటింట్లోంచి అడిగింది. "దాంట్లో ఉప్పు ఉందా?"

"ఈ మొదటి వరసలో ల్యా."

"నీళ్లు?"

"అవీ ల్యా. కాలముంది, మనిషుండాడు, దోవుంది, చెయ్యి ఉంది."

"దేవుడు?"

"ఆయప్పా ల్యాడు."

"ఉప్పూ నీళ్లూ దేవుడూ ల్యాకుండా యేం మాట్లాడుకుంటారప్పా వాళ్లు!" అని ఆమె నవ్వింది. ఆ ఇంట్లో నవ్వు వినబడి చాలా రోజులైంది. వేదవతి మాత్రం నవ్వలేదు. మంచం కింద చింతగింజలు బారుగా పేర్చుకుంటున్న బిడ్డనే చూస్తూ కూర్చుంది.

ఆయన రంజని దగ్గరికి వెళ్లి "గో", "కమ్", "సీ" అనేవాడు. ఆ పిల్ల చెవులు మూసుకుని పక్కకు జరిగేది. సరేనని ఆయన దూరంగా స్తంభానికి ఆనుకుని తన పాటికి తాను వల్లె వేసుకునేవాడు. పూలకు పోయినా, స్నానానికి పోయినా అదే. ఆ రాగం వీధిలో వాళ్లూ విన్నారు. విన్నది ఆళ్లగడ్డ చేరింది.

ఒక పొద్దున యోగానంద్ ఫోన్ చేశాడు. హాస్టలువాళ్లతో మాట్లాడడం అయిపోయిందనీ, ఆదివారం వచ్చి బిడ్డను తీసుకుపోతాననీ చెప్పాడు. వేదవతి ఫోను పట్టుకుని అట్లాగే గోడకు ఒరిగిపోయింది. వరదరాజులు ఆ ముఖం చూసి, కోవెలకు వెళ్లి తన చోట కూర్చున్నాడు. ఎదురు వరస పాదం చదివి ఆపింది. ఇటు ఎత్తుకోవలసింది ఆయనే. ఎత్తుకున్నాడు.

"గుడ్... ఫస్ట్..."

రాగం ఎక్కడా చెదరలేదు. వెనకనున్న కుర్రవాళ్లు ఉత్తరీయాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. గోష్ఠికి పెద్ద అయిన నృసింహ, చిన్నప్పుడు ఆయనతో కలిసి సంత చెప్పుకున్నవాడే, చదువు ముగిశాక పక్కకు పిలిచాడు.

"ఏందప్పా ఇది వరదరాజులూ?"

వరదరాజులు చేతులు జోడించాడు. బిడ్డ సంగతి పదిమంది నోళ్లలో పడడం ఆయనకు ఇష్టం లేదు.

"కొన్నాళ్లు ఇంట్లో ఉండు. మనసు కుదురైనాక రా. నీ చోటు యాడికీ పోదు" అన్నాడు నృసింహ మెల్లగానే.

మెల్లగా అన్నందుకే అది ఎక్కువ గుచ్చుకుంది. మర్నాడు కోవెలలో చదువు మొదలయ్యే వేళకు వరదరాజులు వసారాలో కూర్చుని ఉన్నాడు. పాశురం నోటికి రాలేదు. వస్తే ఏడుపు కూడా వస్తుందని భయం వేసింది. అందుకని ఊరికే పటంలోని గుణాల వరస ఎత్తుకున్నాడు.

"గుడ్."

అలవాటు కొద్దీ ఆగాడు.

"న్యూ."

ఆయన అనలేదు. మంచం కింద నుంచి వచ్చింది, చింతగింజ కింద పెట్టినంత చప్పుడుతో. తన చెవి మీద నమ్మకం చాలక ఆయన మళ్లీ అన్నాడు. "ఫస్ట్."

"లాస్ట్."

"లాంగ్."

"గ్రేట్."

రంజని ఆయన వైపు చూడడం లేదు. గింజల బారు పొడిగిస్తూనే ఉంది. కానీ ఆయన ఆగినచోట అందుకుంటోంది, ఇన్ని రోజులుగా ఆయన ఖాళీగా వదిలిపెట్టిన ఆ చోటనే. వేదవతి ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. కదలొద్దని తండ్రి చేయి అడ్డం పెట్టాడు. ఆమె గడప మీదే కూలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

ఆదివారం యోగానంద్ వచ్చాడు. బిడ్డ ముందు గొంతుక్కూర్చుని "తాతా అను తల్లీ, ఒక్కసారి అను, ఇడిసిపెట్టి పోతా" అని బతిమాలాడు. రంజని చెవులు మూసుకుంది. అతను లేచి ముఖం తుడుచుకుని, బిడ్డ గుడ్డల సంచీ భుజాన వేసుకున్నాడు.

"సంచి దించు నాయనా" అన్నాడు వరదరాజులు. "రోంతసేపు కూర్చో. మాట్లాడద్దు."

స్తంభం దగ్గరికి పోయి, కోవెలలో కూర్చున్నట్టే మఠం వేసుకున్నాడు. "గుడ్" అన్నాడు. ఆగాడు. ఆ ఆగడం ఎప్పటికంటే చాలా పొడుగనిపించింది. అలమేలుమంగ వంటింటి తలుపు పట్టుకుని నిలబడింది. బయట ఎవరో మేకలను అదిలిస్తూ పోయారు.

"న్యూ" అంది రంజని.

వరస చివరిదాకా సాగింది. యోగానంద్ భుజం మీది సంచి ఎప్పుడు జారిందో అతనికే తెలియలేదు.

"ఇది మాట్లాడినట్టేనా మామా?" అన్నాడు.

"నాకు తెలీదు. వంతు తెలుస్తాంది పాపకు. వంతు తెలిసినాక మాట రాకుండా పోదని నా ఆశ."

"మా అమ్మకు యేమని చెప్పేది?"

యోగానంద్ సంచీ అక్కడే వదిలి, సాయంత్రం బస్సుకు ఒంటరిగా వెళ్లిపోయాడు. ఎన్నాళ్లకు మళ్లీ వస్తాడో, తల్లి మాట విని వస్తాడో, వదిలి వస్తాడో చెప్పలేదు. వీధి మలుపు తిరిగేదాకా వేదవతి చూస్తూ నిలబడింది.

వరదరాజులు ఇంకా గోష్ఠికి వెళ్లడం లేదు. జనార్దనం అంగడి ముందు మాట కొంచెం పెరిగింది కూడా. స్వామికి పాస్‌పోర్టు వచ్చిందట, కోవెలలో చోటు ఆయనే వద్దనుకున్నాడట. పొద్దునపూట ఆ వీధిలో నడిచేవాళ్లు ఇంగ్లీషు వల్లె విని, నిజమేనని తల ఊపి పోతున్నారు.

ఆయన ఇంగ్లీషు చదువుతున్న మాట నిజమే. అయితే ఆయన చదివేది సగమే. మిగతా సగం రంజని చదువుతుంది.