వంటింటి గోడ కొట్టించాక

మణికొండలో మాది రెండు పడగ్గదుల ఫ్లాట్. కోడలికి రెండో కాన్పు దగ్గరపడిందని, పిల్లలకు చోటు కావాలని నా కొడుకు వంటింటి గోడ కొట్టించి హాల్లో కలిపేశాడు. నాకు నచ్చలేదు. నన్నెవరడిగారు?

ఒకరోజు ఎప్పటిలాగే పచ్చడికి ఎండుమిరపకాయలు వేయిస్తున్నాను. హాల్లో కోడలు ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, కాన్పు తర్వాత ఇంటి నుంచే పని చేస్తానని వీడియో కాల్‌లో మేనేజరమ్మను బతిమాలుతోంది. ఆమె ససేమిరా అంటోంది. ఇంతలో ఘాటు నేరుగా పోయి కోడలికి తగిలింది. కళ్ల వెంట ఒకటే ధారలు. దాని ఉద్యోగం పోగొట్టానని గబుక్కున స్టవ్ ఆపేశాను.

మేనేజరమ్మ అది ఏడుపే అనుకుంది. "అయ్యో, ఏడవకు తల్లీ. బిడ్డ నడిచేదాకా ఇంటి నుంచే చెయ్యి" అంది.

కోడలు ముక్కు తుడుచుకుని, "ఇంకో పిడికెడు ఏయిస్తే ప్రమోషన్ కూడా ఇస్తుండె అత్తమ్మా" అంది.

గోడ కొట్టించడం మంచిదే అయిందని ఇక్కడ ఒప్పుకుంటున్నాను. ఇంట్లో మాత్రం ఒప్పుకోను.