పొద్దుటి తాళం

మా తమ్ముడు లిఫ్టులు బాగుచేస్తాడు. ఎవరైనా మధ్యలో ఇరుక్కుపోతే ముందుగా తలుపుకు నోరు ఆనించి, "కంగారు పడకండి, నేనిక్కడే ఉన్నాను," అంటాడు. అలా ఒక ఆసుపత్రి లిఫ్టులో ఇరుక్కున్న నర్సుతో అరగంట కబుర్లు చెప్పి, బయటికి తీసి, ఏడాది తిరక్కుండా పెళ్ళి చేసుకున్నాడు. నలుగురిలో నోరు విప్పడు గానీ, మధ్యలో తలుపుంటే వాడంత మాటకారి లేడు.

ఆ నర్సు, అంటే మా మరదలు, నాలుగేళ్ళ క్రితం ఉద్యోగానికి విదేశం వెళ్ళింది. వీణ్ణీ రమ్మంది. వీడు ఇవాళా రేపూ అని నాన్చాడు. చివరికి విసిగిపోయి నాకు ఫోన్ చేసింది.

"విడాకులకు కేసు వేశాను వదినా. కోర్టు నోటీసు పంపిన ప్రతిసారీ తిరిగొస్తోంది. ఆయన అందుకుంటే గానీ కేసు కదలదంట. ఆయన రారు, నేను రాలేను. ఎన్నాళ్ళిలా?"

తమ్ముణ్ణి అడిగాను. "నాకే నోటీసూ రాలేదక్కా," అన్నాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటూ.

నాకు ఒళ్ళు మండింది, మరదలి మీద. కేసు వేశానంటుంది, కాగితం మాత్రం రాదు! కావాలనే తప్పుడు అడ్రసిచ్చి, వీడికి తెలియకుండా తీర్పు తెచ్చుకుని, రేపు ఇంట్లో వాటా అడగదని నమ్మకమేంటి? ఏదో గూడుపుఠాణీ ఉంది.

"నీకు ప్రతిదీ అనుమానమే," అని మా ఆయన విసుక్కున్నాడు.

"నేను అనుమానపడబట్టే మీరు సరిగ్గా ఉన్నారు," అన్నాను.

మా ఇస్త్రీ కొట్టు తమ్ముడి ఇంటికి ఎదురుగానే ఉంటుంది. బట్టలు మడతపెడుతూ వచ్చేపోయేవాళ్ళ మీద ఓ కన్నేసి ఉంచడం నాకు అలవాటు. వాడికి డ్యూటీ మధ్యాహ్నం. అయినా పొద్దున్నే ముందు తలుపుకు తాళం వేసి సందులోకి పోతున్నాడు. ఎక్కడికి? ఒకరోజు ఉండబట్టలేక గుమ్మం దాకా వెళ్ళి చెవి పెట్టాను. లోపల ఫ్యాను తిరుగుతోంది. బకెట్లో నీళ్ళు పడుతున్నాయి!

ఇంకేముంది, ఎవరో ఆడమనిషిని తెచ్చిపెట్టాడు. తాళం మా కళ్ళు కప్పడానికి. పాపం మరదల్ని అన్యాయంగా తిట్టానే అనుకుని, ఆ తిట్లన్నీ వీడి మీదికి మళ్ళించాను.

మర్నాడు వాడు తాళం వేసి సందులోకి తిరగగానే, ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి వెనకాలే వెళ్ళాను. వాడు ఇల్లు చుట్టి, వెనక తలుపు తీసుకుని లోపలికి పోయాడు. గడియ పెట్టేలోపు నేనూ దూరాను.

"ఎక్కడ దాచావురా దాన్ని?"

"ఎవర్నక్కా?"

మంచం కింద చూశాను, బీరువా వెనక చూశాను, బాత్రూం తలుపు తోశాను. పిల్లి కూడా లేదు. వాడి బట్టలే బకెట్లో నానుతున్నాయి.

"మరి ఆ తాళం ఎవరికోసంరా?"

వాడు జవాబు చెప్పేలోపే వీధిలో సైకిల్ బెల్లు మోగింది. "మాట్లాడకు అక్కా," అని నా చెయ్యి పట్టుకున్నాడు.

"అబ్బ, మళ్ళీ తాళమేనా?" అంది బయట పోస్ట్‌మ్యాన్ గొంతు.

అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. ఇన్ని అనుమానాలు పడ్డాను గానీ, ఈ ఒక్కటీ తట్టలేదు.

"ఆ నోటీసు అందుకుంటే అంతా అయిపోతుందక్కా," అన్నాడు గుసగుసగా. "అందుకోనంతవరకు అది నా భార్యే కదా."

చెంప పగలగొట్టాలనుకున్నాను, ఏడుపొచ్చింది. వాడి ఇంట్లో వాడే దొంగలా గోడకు అతుక్కుని నిలబడ్డాడు.

"ముక్కూమొహం తెలియనివాళ్ళను రోజూ బయటికి తీస్తావు," అన్నాను. "ఆ పిల్ల ఇరుక్కుపోయి అంత పిలుస్తుంటే నీకు వినిపించడం లేదురా?"

బయట సైకిల్ స్టాండు తీసిన చప్పుడైంది. వాడు ఒక్క అంగలో వెళ్ళి తలుపుకు నోరు ఆనించాడు.

"వెళ్ళకండి, నేనిక్కడే ఉన్నాను."

"లోపలా? మరి ఈ తాళమేంటండీ?"

వాడు కిటికీ రెక్క తీశాడు. చెయ్యి ఊచల మధ్యనుంచి చాపి, తాళంచెవి అందించాడు.

"కాస్త మీరే తీయండి," అన్నాడు.