సారు సంతకం

నాకు నా సంతకం కంటే మా సారు సంతకం బాగా వచ్చు. గొప్పకు చెప్పుకోవడం లేదు, సిగ్గుతో చెప్తున్నాను.

బోధన్ దగ్గర ఒక ఊళ్లో గ్రంథాలయం మాది. కాగితాల మీద నేను అక్కడ స్వీపర్‌ని. లైబ్రరీ సైన్సులో పీజీ చేసి చీపురు పట్టానని మా అవ్వ నెత్తి కొట్టుకునేది. దొరికింది అదే మరి! లోపల అడుగు పెడితే ఎప్పటికైనా కుర్చీ దొరక్కపోతుందా అనుకున్నాను. గ్రంథపాలకుడైన సారుకు మూడు ఊళ్ల గ్రంథాలయాలు అప్పజెప్పారు. మా దగ్గరికి వారానికి ఒకసారి వచ్చేవారు. మిగతా రోజులు తాళం తీసేది నేను, పేపర్లు పరిచేది నేను, కొత్త పుస్తకాలకు నంబర్లు వేసి రిజిస్టర్‌లో ఎక్కించేది నేను. ఉద్యోగ పరీక్షలకు చదివేవాళ్లు నన్ను మేడం అనేవాళ్లు. ఆ పిలుపుకే పొంగిపోయేదాన్ని, పిచ్చిదాన్ని.

మొదటి ఏడాదే సారు ఫోన్ చేశారు. "చెల్లె, తనిఖీకి ఎవరన్నా వస్తే నా ఇజ్జత్ పోతది. హాజరు పుస్తకంల నా సంతకం జర నువ్వే గీకు."

గీకాను. తర్వాత ఆయన అడగడం కూడా మానేశారు. ఆరేళ్లు గీకుతూనే ఉన్నాను.

ఈ ఏడాది గ్రంథపాలకుల పోస్టులు పడ్డాయి. అనుభవ పత్రం లేనిదే దరఖాస్తు తీసుకోరు. వచ్చే ఏడాదికి నాకు వయసు దాటిపోతుంది. గ్రంథాలయం పని ఆరేళ్లుగా నేనే చేస్తున్నానని సారు ఒక్క కాగితం రాసిస్తే చాలు. రేపు మాపు అని తిప్పుతుంటే, ఆఖరి రోజు పొద్దున్నే బస్సెక్కి నిజామాబాద్‌లో వాళ్లింటికే పోయాను.

సారు చాయ్ ఇప్పించారు. కలం తీసి, మళ్లీ జేబులో పెట్టుకున్నారు.

"ఎట్ల రాయాలె చెల్లె? పుస్తకంల రోజూ నేనే ఉన్న. నువ్వు నడిపినవని రాస్తే, మరి నువ్వేడ పోయినవని నన్ను అడుగుతరు. రిటైర్మెంట్ దగ్గరవడ్డది. పింఛన్ ఆగుతది."

"మరి నా బతుకేంగావాలె సారూ?"

వాళ్లావిడ ముందే ఏడ్చేశాను. కాళ్లు కూడా పట్టుకునేదాన్నే, ఆయన లేచి నిలబడ్డారు. గుమ్మం దాకా వచ్చి గొంతు తగ్గించారు.

"నువ్వే పెట్టుకోరాదు? నా సంతకం నీకొస్తది గద. గని ఎవరన్నా అడిగితే నేను పెట్టలేదనే అంట. ముందే చెప్తున్న."

తిరుగు బస్సు ఎడపల్లి దాటేదాకా చెరకు ట్రాక్టర్ల వెనకే పాకింది. బోధన్‌లో దిగి ఆన్‌లైన్ సెంటర్‌కు ఉరికాను. గడువు సాయంత్రం ఐదు. పత్రం నేనే రాసుకున్నాను. అందులో ఒక్క అబద్ధం లేదు. సంతకం దగ్గరికొచ్చేసరికి చెయ్యి వణికింది. గీత వంకర పోయింది. ఇంకో కాగితం తీసుకున్నాను, అదీ అంతే.

"అక్కా, టైమైతుంది. అప్‌లోడ్ చేయాల్నా, వద్దా?" అని సెంటర్ అతను రెండుసార్లు అడిగాడు.

భయమా అంటే భయమే. పట్టుబడితే ఉన్న చీపురు కూడా పోతుంది. అంతకంటే కోపం. నేను నిజంగా చేసిన పనికి నేనే దొంగ సాక్ష్యం పుట్టించుకోవాలా అని ఒళ్లు మండిపోయింది. చూస్తుండగానే ఐదు దాటింది. అతను పేజీ మూసేసి నా వెనకున్నవాళ్లను పిలిచాడు.

మర్నాడు పొద్దున గ్రంథాలయం తాళం తీశాను. హాజరు పుస్తకంలో సారు గడి ఖాళీగా ఉంది. సంతకం పెట్టాను. చెయ్యి వణకలేదు.