కోటేశుకి మాట అందించని రోజు

నా జీవితంలో నేను చేతులారా చేసుకున్న ఘోరాల్లో ఇది అన్నిటికన్నా పెద్దది. ఆ రోజు నేను తప్ప అందరూ ఆనందించారు. మీరు మాత్రం ఎందుకు మానుకోవాలి, కానివ్వండి.

స్వరాజ్యం వచ్చిన మరుసటేడు యూనివర్సిటీ వారి కళోత్సవాలు మా నూజివీడులో పెట్టారు. సంగీతం, నాట్యం, కాలేజీకొక నాటకం, మూడు రోజుల సందడి. అంతమంది పట్టే చోటు దొరక్కపోతే మా నాన్నగారు తన మామిడికాయల షెడ్డు ఇచ్చారు. కాయల కాలం అయిపోయి చాలా రోజులైనా ఆ షెడ్డుకి రసాల వాసన వదల్లేదు. మా ఊరు, మా షెడ్డు, ముందు వరసలో మా నాన్నగారు. మా కాలేజీ నాటకంలో రాజు వేషం ఎవరికి రావాలో మీరే చెప్పండి.

కోటేశుకి వచ్చింది.

కోటేశుది రెడ్డిగూడెం. వాళ్ళ అమ్మానాన్నలు తోటల్లో కాయలు కోసే కూలీలు. వాడు స్కాలర్‌షిప్పు మీద నాతోపాటు బి.ఏ. చదివేవాడు. చిన్నప్పటినుంచీ చెట్లెక్కి పెంచిన భుజాలు, నూతిలోంచి వచ్చినట్టుండే గొంతు. ఆ రెండూ చూసి మా తెలుగు మాస్టారు పడిపోయారు.

"నాకు నాటకం మొత్తం కంఠతా వచ్చండి," అన్నాను ఆయనతో.

"అందుకేనయ్యా నిన్ను ప్రాంప్టరుగా పెట్టింది," అన్నారాయన.

ప్రాంప్టరంటే పక్కతెర వెనక పుస్తకం పట్టుకు నిలబడి, మాట మర్చిపోయినవాడికి మెల్లగా అందించేవాడు. పల్లకీ మోసేవాడికి పెళ్ళికొడుకు మీద ఎలాంటి అభిప్రాయం ఉంటుందో, నెల తిరక్కుండా నాకు కోటేశు మీద అలాంటిదే ఏర్పడింది. వాడికి కిరీటం పెట్టి చూసిన రోజు నాకు అన్నం సయించలేదు. ఆఖరికి వాడు దగ్గినా, నాకన్నా బాగా దగ్గుతున్నాడనిపించేది.

ఒక్కటే ఊరట. చివరి రంగంలో, చనిపోయిన కొడుకు ముందు రాజు రెండు పేజీల మాటలు చెప్పాలి. కోటేశుకి అక్కడ మొదటి మాట తట్టదు. నేను "నాయనా" అని అందిస్తే చాలు, మిగతాదంతా గడగడా చెప్పేస్తాడు. అందించకపోతే గుడ్లప్పగించి నిలబడతాడు.

నాటకం రోజు మొహానికి రంగు వేయించుకుంటూ నన్ను పిలిచాడు.

"సత్యం, చివర్లో ఆ ఒక్క మాటా మర్చిపోకురా. నువ్వున్నావన్న ధైర్యంతోనే ఎక్కుతున్నాను."

"నేనెందుకు మర్చిపోతాను," అన్నాను.

మర్చిపోలేదు. అందించకూడదని గట్టిగా గుర్తుపెట్టుకున్నాను.

మధ్యాహ్నం మూడింటికి తెర లేచింది. చివరి రంగం వచ్చింది. కోటేశు కొడుకు శవం పక్కన మోకాళ్ళ మీద కూలబడ్డాడు. నా వైపు చూశాడు. నేను పెదాలు బిగించాను. వాడు నోరు తెరిచాడు, మూశాడు. మళ్ళీ నా వైపు చూశాడు. నేను పుస్తకం కూడా మూసేశాను. శవం వేసినవాడు ఏమైందోనని ఒక కన్ను తెరిచాడు.

ఇక ఈలలు మొదలవుతాయని చెవులు రిక్కించాను. వినిపించినవి వెక్కిళ్ళు. ముసునూరు నుంచి వచ్చిన ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కోటేశు చెంపల మీద రంగు నిజం కన్నీళ్ళకే కారిపోతోంది. మాస్టారు కళ్ళు తుడుచుకుంటూ తెర దించమని సైగ చేశారు. చప్పట్లకి మా షెడ్డు రేకులు అదిరాయి.

కోటేశు తిన్నగా నా దగ్గరికే వచ్చాడు. ఇప్పుడు తంతాడు అనుకుని నేను పుస్తకం అడ్డం పెట్టుకున్నాను. వాడు నన్ను కావలించుకున్నాడు.

"నిజంగానే మర్చిపోయానురా. నీ వైపు చూస్తే నీ మొహం ఎలా ఉందో తెలుసా? కన్నకొడుకు పోయినవాడి మొహంలా ఉంది. అది చూశాక నాకు ఏడుపు ఆగలేదు."

అది కుళ్ళుబోతు మొహమని వాడికి చెప్పలేదు, మీకు చెబుతున్నాను. పైకి చూస్తే పుత్రశోకానికీ దానికీ పెద్ద తేడా ఉండదు.

అంతటితో అయిపోలేదు. కోటేశుకి ఉత్తమ నటుడి కప్పు ఇచ్చాక, న్యాయనిర్ణేతల్లో పెద్దాయన లేచారు.

"మూడు రోజులుగా ప్రతి నాటకమూ మేం రెండేసిసార్లు విన్నాం. ముందు ప్రాంప్టరు నోట, తర్వాత నటుడి నోట. ప్రాంప్టరు గొంతే వినపడని నాటకం ఇదొక్కటి. అందుకు ఆ అబ్బాయికి ప్రత్యేక బహుమతి."

ఊరంతా చూస్తుండగా వెళ్ళి చిన్న కప్పు పుచ్చుకున్నాను. అందరికన్నా గట్టిగా చప్పట్లు కొట్టింది కోటేశే.

కిందికి దిగగానే నాన్నగారు పట్టుకున్నారు.

"ఏం చేశావని ఇచ్చార్రా?"

"ఏమీ చెయ్యలేదు నాన్నా."

"అది నాకూ తెలుసు. కప్పు ఎందుకిచ్చారని అడుగుతున్నా."

"అందుకే ఇచ్చారు నాన్నా."

ఆయన నన్ను పైనుంచి కిందిదాకా ఓసారి చూసి, కోటేశుని మెచ్చుకోవడానికి వెళ్ళిపోయారు.

ఆ కప్పు సాక్షిగా ఒట్టేశాను. ఇకమీదట నా కళ్ళెదుట ఎవడు మాట మర్చిపోయినా, క్షణం ఆలస్యం చెయ్యకుండా అందిస్తాను. అదీ చివరి వరసదాకా వినపడేలా. వాడు బాగుపడకుండా ఆపడానికి నా చేతిలో ఉన్న ఉపాయం అదొక్కటే.