ఇత్తడి బోనానికి ఇనుప వైద్యం

ఛత్రినాకలో మా షాపు బోర్డు మీద గేట్లు, గ్రిల్స్ అని మాత్రమే రాసి ఉంటుంది. నా నోటికి అలాంటి హద్దు లేదు. వెల్డింగ్ మిషన్‌తో ఆటో బ్యాటరీకి ప్రాణం పోశాను. ఒకసారి అది పేలబోయింది, ఆ ముచ్చట ఎవరికీ చెప్పను. విరిగి ఇంజిన్లో ఇరుక్కున్న బోల్టుకు నట్టు అతికించి ఊడబీకాను. కట్టర్ పాడైననాడు కరెంటు పెంచి రాడ్డుతోనే పైపు కోశాను. గల్లీ అంతా ఆహా అంది. ఆ ఆహాలే నా కొంప ముంచాయి.

బోనాలకు మూడు రోజుల ముందు పక్క గల్లీ అవ్వ ఇత్తడి బిందె పట్టుకుని వచ్చింది. ఆమె అత్తగారు బోనమెత్తిన బిందె అది. మెడ దగ్గర వెంట్రుకంత పగులు. పగిలిన దానిలో అమ్మవారికి నైవేద్యం తీసుకెళ్లకూడదని ఆమె భయం.

“ఇత్తడి అతికే కంచరాయన దగ్గరికి పోతున్న బిడ్డా, జర ఆటో ఎక్కియ్యి” అంది.

ఎక్కించి ఊరుకుంటే నేను నేనెందుకవుతాను?

“పండుగ ముంగట గాయన దగ్గర మస్తు లైనుంటది అవ్వా. గీడనే అతికిస్త, రెండు నిమిషాలు.”

“ఇది ఇనుము గాదు గద బిడ్డా.”

“మిషన్‌కు ఇనుమేంది, ఇత్తడేంది. నీకెందుకు ఫికర్.”

ఇత్తడిని గ్యాస్ మంట మీద మెల్లగా కాచి అతకాలని నాకు తెలుసు. తెలిసే కూర్చున్నాను. రాడ్డు ఆనించానో లేదో తెల్లటి పొగ లేచి రూపాయి బిళ్లంత బొక్క పడింది. పూడుద్దామని మళ్లీ ఆనిస్తే నిమ్మకాయంత అయింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అదే జరిగింది. అవ్వ బిందె చల్లారేదాకా మెట్టు మీద కూర్చుని, దాన్ని కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది. నాలుగు తిట్టి ఉంటే బాగుండేది.

ఆ సాయంత్రం చలిజ్వరం వచ్చింది. అమ్మవారి కోపమేమోనని దుప్పటి కప్పుకుని వణికాను.

“అమ్మోరికి వేరే పని లేదా? ఇత్తడి కాలిన పొగ పీలిస్తే చలిజ్వరం రాదా? నీ పొగనే నిన్ను పట్టింది” అని మా ఆవిడ పాలగ్లాసు చేతికిచ్చింది.

ఆదివారం అవ్వ కొత్త మట్టికుండతో బోనమెత్తింది. బోనమెత్తిన వాళ్ల కాళ్ల మీద నీళ్లు పోయడం ఆనవాయితీ. మొహం చెల్లకపోయినా బకెట్ పట్టుకుని ఎదురెళ్లాను. సిగ్గుతో తల వంచి చెంబు ఎత్తాను. అవ్వ ఒక అడుగు వెనక్కి వేసింది.

“జర దూరం నుంచే పొయ్యి బిడ్డా. ఇంకో కుండ లేదు నాకాడ.”