రొట్టెకు కట్టిన బట్ట

కారకోల్ ఊళ్లో రొట్టెను ఎవరూ చెత్తబుట్టలో పడెయ్యరు. బూజు పట్టి ఆవుకీ పిచ్చుకలకీ కూడా పనికిరాకపోతే బురుల్ అపాకు తెచ్చిస్తారు. వీధిలో అందరికన్నా పెద్దావిడ, అందుకే అందరికీ 'అపా', అంటే అమ్మ. ఆ రొట్టెను నుదుటికి ఆనించుకుని, పాత గుడ్డలో చుట్టి, పెరట్లో ఎరువు గుంటలో పూడుస్తుంది. గుడ్డ లేకుండా పూడిస్తే రొట్టెను అవమానించినట్టే ఆమెకు. మంచు కరగగానే ఆ నల్లటి ఎరువు కోసం వీధంతా బకెట్లతో వస్తుంది. అందరి టమాటా నారూ అందులోనే.

ఈ ఏడు అందరికన్నా ముందు పక్కింటి గుల్జాదా వచ్చింది. రసాయనశాస్త్రం చదివిన పిల్ల. కూతురు సెజిమ్ నోట్లో ఏం పెట్టుకుంటుందోనని రోజంతా హడలిపోతుంటుంది. సెజిమ్ అప్పటికే ఎరువు కుప్పలో చతికిలబడింది. దాని పిడికిట్లో గోరంత ఆకుపచ్చ ప్లాస్టిక్ రేకు మెరిసింది. గుల్జాదా దాన్ని లాక్కుని కుప్ప కెలికింది. ఎక్కడ చూసినా అవే.

"అపా, ఇందులో ఏం వేశారు?"

"ఏముంది, రొట్టెలే. గుడ్డలు అయిపోతే చుట్టడానికి కోడలు ఆకుపచ్చ సంచులు తెచ్చిపెట్టింది. మట్టిలో కలిసిపోతాయని వాటి మీదే రాసుంది. ఆకు బొమ్మ కూడానూ!"

 చెబితే ముసలావిడ ఏడాది కష్టం మట్టిపాలు. చెప్పకపోతే ఈ రేకులు ప్రతి ఇంటి మడిలోకీ వెళతాయి.

"అవి కలవవు అపా. పెళుసెక్కి ముక్కలవుతాయి. ఆ ముక్కలు అట్లాగే ఉంటాయి."

"మరి అబద్ధం రాస్తారా?"

"కలుస్తాయనే రాశారు. ఎక్కడో, ఎన్నాళ్లకో రాయలేదు."

అపా ఒక రేకును ఎండకు ఎత్తి చూసింది. 

"ఆకు బొమ్మ చూసి నోరు తెరిచానంటే నేను మేకనే కదే!" అంది.

గేటు దగ్గర బకెట్ల చప్పుడైంది. అపా మోకాళ్లు పట్టుకుని లేచి వెళ్లింది.

"ఈ ఏడు ఎరువు లేదు, వెళ్లండి! కుప్ప పాడుచేశాను. ఇంట్లో పాత చొక్కాలుంటే పట్టుకురండి, మళ్లీ మొదలెడతా."

 గుల్జాదా తల రుమాలు విప్పి ఇచ్చింది.

"నూలుదే అపా. కుట్టిన చీటీ మీద రాసుంది."

"రాసిందా?" అపా అంచు నుంచి ఒక పోగు లాగి, జేబులో అగ్గిపెట్టె తీసింది. "ఉండు, కాల్చి చూద్దాం, బూడిదవుతుందో ప్లాస్టిక్‌లా కరిగి ముద్దవుతుందో."