జున్నుని బల్లకి కట్టేసింది ఎవరు?

ఈ సంగతి గురించి ఇప్పటికి ఆరు ఈమెయిల్స్ రాశాను. మూడు క్యాంప్‌గ్రౌండ్ ఆఫీసుకి, రెండు మాకు కుక్కని ఇచ్చిన సంస్థకి, ఒకటి మా ఎదురు సైటులో దిగిన ఆవిడకి. మా వాట్సాప్ గ్రూపులో ఎన్నిసార్లు అడిగానో లెక్కపెట్టలేదు. చదివినట్టు నీలం టిక్కులు పడ్డాయి. ఒక్కరూ జవాబివ్వలేదు. ఒకాయన మాత్రం నా ప్రశ్న కిందే వాళ్ళబ్బాయి పుట్టినరోజు కేకు ఫొటో పెట్టాడు. అందరూ దానికి చప్పట్లు కొట్టారు. అది నాకు గుర్తుంది.

అందుకే ఇక్కడ రాస్తున్నాను. నలుగురూ చదివేచోట అడిగితే తప్పించుకోవడం కష్టం.

దయ్యాల మీద నాకు నమ్మకం లేదు. అప్పుడు లేదు, ఈ రోజుకీ ఉందని చెప్పను. టెక్సస్‌లోని ప్లేనోలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. "ఏమో, దానంతట అదే అలా అయింది" అని ఎవరైనా అంటే ఒప్పుకోకపోవడమే ఇరవై ఏళ్ళుగా నా ఉద్యోగం. మా ఇల్లు దక్షిణం వాకిలి. తెలిసినవాళ్ళందరూ వద్దన్నారు, కొన్నాను, ఏమీ కాలేదు. నన్ను నమ్మమని నేను అడగడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను. తెలిసినవాళ్ళు జవాబు చెప్పాలి.

పోయిన ఏడాది మే నెలలో జున్ను మా ఇంటికి వచ్చింది. లేత గోధుమరంగు కుక్క, ఎడమ చెవి కొస తెగి ఉంటుంది. దిక్కులేని కుక్కల్ని పెంపకానికి ఇచ్చే ఒక సంస్థ మూడు వారాల ట్రయల్ మీద ఇచ్చింది. కుదిరితే ఉంచుకోవాలి, లేకపోతే తిరిగి అప్పజెప్పాలి. ట్రయల్ కాబట్టి మెడ పట్టీకున్న బిళ్ళ మీద మా ఫోన్ నంబరు కాదు, ఆ సంస్థ నంబరు ఉండేది.

కుక్క కావాలని పట్టుబట్టింది మా అమ్మాయి మేఘన. పదకొండేళ్ళు. నేను వద్దన్నాను. నా మాట ఎవరు విన్నారు కనక? జున్ను తెల్లారకుండానే లేచి ఏడ్చేది. నా ఆఫీసు హెడ్‌సెట్ కొరికి పెట్టింది. రెండో వారంలో బుధవారం సాయంత్రం వంటగదిలో నిలబడి, మేఘన వింటుండగానే అన్నాను. "క్యాంపింగ్ నుంచి వచ్చాక దీన్ని ఇచ్చేద్దాం. నా వల్ల కాదు."

ఆ మాట అన్నాను. దాచను. మేఘన రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

శుక్రవారం మూడు కుటుంబాలు బయల్దేరాం. తూర్పు టెక్సస్‌లో పైన్ చెట్ల మధ్య ఒక పార్కు, మాకు మూడు గంటల డ్రైవ్. పక్కపక్కన మూడు సైట్లు శ్రీధర్ బుక్ చేశాడు. శ్రీధర్ నాకు పన్నెండేళ్ళ స్నేహితుడు, నన్ను అన్నా అంటాడు. మనవాళ్ళ క్యాంపింగ్ తెలిసిందే కదా, టెంటు కన్నా ముందు పులిహోర దిగాలి. చికెన్‌కి ఒక కూలర్, పెరుగూ మజ్జిగా ఉన్నదానికి ఇంకో కూలర్, కుక్కర్, క్యారమ్ బోర్డు, అన్నీ తెచ్చుకున్నాం. జున్ను గిన్నె తప్ప.

ఆ గిన్నె గురించి చెప్పాలి. అది స్టీలు గిన్నె. మా అత్తగారు ఇక్కడికి వచ్చినప్పుడు సూట్‌కేసులో తెచ్చుకున్నారు. అంచు కింద ఆవిడ పేరు చుక్కలు చుక్కలుగా చెక్కించి ఉంటుంది, సుభద్ర అని. జున్ను ఎందుకో వేరే గిన్నెలో నీళ్ళు సరిగ్గా తాగేది కాదు. మా అత్తగారు వీడియో కాల్ చేస్తే ముందు గిన్నె దాచి, ఆ తర్వాత ఫోన్ ఎత్తేవాళ్ళం.

గంటన్నర ప్రయాణం అయ్యాక మా ఆవిడ మాధవికి గుర్తొచ్చింది.

"దాని గిన్నె పెట్టావా?"

"నువ్వు పెట్టలేదా?"

"ఆహా. సర్దేది నేను, వండేది నేను, కుక్క గిన్నె కూడా నేనే. నువ్వు స్టీరింగ్ పట్టుకుని కూర్చో, చాలు."

దారిలో ఆగి నీలం ప్లాస్టిక్ గిన్నె ఒకటి కొన్నాం. స్టీలు గిన్నె మా వంటగది గట్టు మీదే ఉండిపోయింది. ఇది మర్చిపోకండి.

శనివారం మధ్యాహ్నం అందరూ చెరువుకి బయల్దేరారు. ఈతకొట్టే ఒడ్డుకి కుక్కల్ని రానివ్వరు. ఎవరో ఒకరు ఆగాలి. "అన్నా, నువ్వెలాగూ నీళ్ళలో దిగవుగా" అన్నాడు శ్రీధర్. నన్ను అడగలేదు, చెప్పాడు. అందరూ రెండు కార్లూ శ్రీధర్ వ్యానూ ఎక్కి వెళ్ళిపోయారు.

ఒక్కణ్ణే కూర్చోవడం ఎందుకని జున్నుకి ఎర్ర తాడు తగిలించి నడక దారి పట్టాను. పన్నెండున్నరకి బయల్దేరాం. రెండు మైళ్ళు నడిచాక చెరువు కనిపించే మలుపు దగ్గర ఒక దుంగ ఉంది. దాని మీద కూర్చున్నాను. జున్ను నా బూటు మీద గడ్డం ఆనించి పడుకుంది. ఫొటో తీశాను. ఫోన్లో టైము ఒకటీ నలభై. నిజం చెప్పాలంటే, దీన్ని ఇచ్చెయ్యక్కర్లేదేమో అని మొదటిసారి అనిపించింది అక్కడే. ఎవరితోనూ అనలేదు. అనడానికి అక్కడ ఎవరున్నారు?

మూడింటికి సైటుకి తిరిగొచ్చాం. నంబరు పలకకి పసుప్పచ్చ హెచ్చరిక కాగితం గుచ్చి ఉంది. క్యాంపు చూసుకునే పెద్దాయన గోల్ఫ్ కార్టులో కూర్చుని ఉన్నాడు. ఎదురు సైటులో ఇల్లులాంటి ఆర్‌వీ బండి పెట్టుకున్న ముసలావిడ చేతులు కట్టుకుని నిలబడి నన్నే చూస్తోంది.

వాళ్ళు చెప్పింది ఇది. ఒంటిగంటకి కాస్త ముందు నేను జున్నుని మా బల్ల కాలుకి కట్టేసి రోడ్డు వైపు వెళ్ళిపోయానట. ఎండలో, ఖాళీ గిన్నె ముందు పెట్టి. కుక్క రెండు గంటల పాటు ఏడ్చిందట. ఆవిడ దగ్గరికి వెళ్ళి నీళ్ళు పోస్తే ముట్టలేదట. పెద్దాయన వచ్చేసరికి కుక్క లేదు. నేనే వచ్చి విప్పుకుపోయానని వాళ్ళ లెక్క.

"అది ఇంకో కుక్క అయి ఉంటుంది" అన్నాను.

"చెవి తెగి ఉంది. బిళ్ళ మీద నంబరు చూసి ఆ సంస్థకి నేనే ఫోన్ చేశాను. ఫొటో కూడా పంపాను" అంది ఆవిడ. ఆవిడ మొహంలో అబద్ధం లేదు. నాకు ఇప్పటికీ మింగుడు పడనిది అదే.

బల్ల కాలు చుట్టూ నేల చూశాను. పైన్ ఆకులన్నీ పక్కకి జరిగి, మట్టి తేలి, అర్ధచంద్రంలా ఒక జాడ పడి ఉంది. తాడు అందినంత మేర ఒక కుక్క అటూ ఇటూ తిరిగితే పడే జాడ. పొద్దున అక్కడ టిఫిన్ తిన్నాం, అప్పుడు అది లేదు. జున్ను ఆ గీత వెంబడి మెల్లగా వాసన చూసుకుంటూ ఈ చివర నుంచి ఆ చివరకి వెళ్ళింది. దాని లోపలికి అడుగు పెట్టలేదు. బయట పడుకుని, ముందు కాళ్ళ మీద గడ్డం పెట్టి, మధ్యలోని ఖాళీని చూస్తూ ఉండిపోయింది. చీకటి పడేదాకా అన్నానికి కూడా లేవలేదు.

మిగతావాళ్ళు చెరువు నుంచి వచ్చేసరికి సంగతి అందరికీ తెలిసింది. మేఘన తడి జుట్టుతోనే నా ముందు నిలబడింది.

"నాన్నా, యూ సెడ్ ఇచ్చేద్దాం అని. డిడ్ యూ డూ ఇట్?"

ఫోన్ తీసి ఒకటీ నలభై ఫొటో చూపించాను. పిల్ల చాలాసేపు చూసింది. ఊపిరి పీల్చుకుంటోంది అనుకున్నాను. అప్పుడు శ్రీధర్ వెనక నుంచి అన్నాడు.

"ఫొటోలదేముంది అన్నా, టైము ఎలాగైనా మార్చుకోవచ్చు. ఆవిడకి ఒక్క సారీ చెప్పేయ్, అయిపోతుంది. ఎందుకు పెద్దది చేస్తావ్?"

మేఘన ఫోన్ నా చేతిలో పెట్టేసి టెంటులోకి వెళ్ళిపోయింది. పన్నెండేళ్ళ స్నేహితుడు నా కూతురి ముందు అన్న మాట అది. నేను సారీ చెప్పలేదు. చెయ్యని పనికి చెప్పను.

సోమవారం సంస్థ నుంచి ఈమెయిల్ వచ్చింది. శుక్రవారంలోగా జున్నుని అప్పజెప్పమని. దానితో పాటు ఎదురు సైటు ఆవిడ తీసిన ఫొటో, తీసిన టైముతో సహా. ఒకటీ నలభై రెండు. వంటగదిలో ల్యాప్‌టాప్ ముందు ముగ్గురం నిలబడి చూశాం. జున్నే. మా బల్లే. నోరు తెరుచుకుని, నాలుక వేలాడేసి ఉంది. ముందు ఖాళీ గిన్నె.

మేఘన ఆ గిన్నెని పెద్దది చేసింది. ఆదివారం తెలుగు క్లాసులో నేర్చుకున్న అక్షరాలు కూడబలుక్కుని చదివింది.

"సు... భ... ద్ర. అమ్మా, ఇది అమ్మమ్మ గిన్నె."

మాధవి గట్టు మీద ఉన్న గిన్నెని తీసి చేతిలో పట్టుకుంది. వంటగదిలో జున్ను కోసం పెట్టిన కెమెరా ఉంది. ఆ శనివారం రికార్డింగు మొత్తం చూశాం. ఒకటీ నలభై రెండుకి గిన్నె గట్టు మీదే ఉంది. రోజంతా కదల్లేదు.

నేను ఊరుకోలేదు. ఫొటోలు, కెమెరా రికార్డింగు, నడక దారి మ్యాపు, అన్నీ పెట్టి పదకొండు పేజీలు రాశాను. వాళ్ళు ఇంటికి వచ్చి చూసుకున్నారు. జున్ను మా ఇంట్లో ఉండొచ్చన్నారు, "స్పష్టత లేనందున". నా ప్రశ్నకి మాత్రం జవాబు లేదు. ఆ గిన్నె అక్కడికి ఎలా వచ్చిందని అడిగితే ఫైలు మూసేశామన్నారు. నా ఉద్యోగంలో అలా మూసేస్తే మర్నాడే మళ్ళీ తెరుస్తాను.

తెరిచాను. పార్కు రికార్డుల కోసం అర్జీ పెట్టాను. రెండు నెలలకి ఎదురు సైటు ఆవిడ చేత్తో రాసిచ్చిన రెండు పేజీల వాంగ్మూలం వచ్చింది. మొదటి పేజీలో ఆ మనిషి ఎలా ఉన్నాడో రాసింది. అచ్చం నాలాగే. కానీ నీలం గళ్ళ చొక్కా, మెడలో ఆఫీసు బ్యాడ్జి. క్యాంపుకి బ్యాడ్జి వేసుకొచ్చారేమిటని ఆవిడకి వింతగా అనిపించిందట.

శనివారం నేను వేసుకున్నది బూడిదరంగు టీషర్టు. నీలం గళ్ళ చొక్కాతో, బ్యాడ్జి తియ్యకుండా నేను నిలబడింది బుధవారం సాయంత్రం, మా వంటగదిలో. ఇంతకు మించి దీని గురించి నేను రాయలేను. నాకు తెలియదు.

రెండో పేజీ చదివి కారు తాళాలు తీసుకున్నాను. "యజమాని కుక్కని కట్టేసి ఇంకా అక్కడే ఉండగా, వాళ్ళ గుంపులోని ఇంకో అతను వ్యానులో వచ్చాడు. కూలర్లోంచి ఒక డబ్బా తీసుకున్నాడు. కుక్క యజమానితో ఐదు నిమిషాలు నిలబడి మాట్లాడాడు. ఇద్దరూ కుక్క వైపు చూడలేదు" అని ఉంది.

ఆ మధ్యాహ్నం చెరువు దగ్గర్నుంచి ఎవరైనా సైటుకి వచ్చారా అని మాధవిని అడిగాను. "అవును, మజ్జిగ తేవడానికి వెళ్ళింది శ్రీధరేగా" అంది. ఆ శనివారం సాయంత్రం నేను అడిగినప్పుడు శ్రీధర్ తను నీళ్ళలోంచి బయటికే రాలేదన్నాడు.

వాళ్ళింటికి వెళితే తలుపు తియ్యలేదు. గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. చివరికి ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో దొరికాడు, చేతిలో కూరగాయల సంచీతో. ఆ రోజు ఎవరితో మాట్లాడావు అని అడిగాను. నా మొహం వంక కాదు, నా చొక్కా వంక చూశాడు.

"అన్నా, ఎవరికీ చెప్పొద్దని నువ్వే కదా అన్నావ్. ఒట్టు వేయించుకున్నావ్. నేను చెప్పలేదు. ఇంక నన్ను వదిలెయ్."

కారెక్కి వెళ్ళిపోయాడు. ఆ తర్వాత నా నంబరు బ్లాక్ చేశాడు.

జున్ను మా ఇంట్లోనే ఉంది. తెల్లారకముందే లేస్తుంది, దానితో పాటు నేనూ లేస్తాను. నమ్ముతున్నాను నాన్నా అంటుంది మేఘన. కానీ నేను జున్నుకి తాడు తగిలిస్తే చాలు, ఎంత హోంవర్కు ఉన్నా వదిలేసి బూట్లు వేసుకుని వచ్చేస్తుంది. ఏడాదైంది. ఒక్కసారి కూడా నన్నూ దాన్నీ ఒంటరిగా పంపలేదు. ఇది నేను ఎన్నాళ్ళు చూడాలి?

శ్రీధర్, నువ్వు తెలుగు చదువుతావు. ఇది నీకు ఎవరో ఒకరు పంపుతారు. నీతో ఒట్టు వేయించుకున్నది నేనే అయితే, ఆ ఒట్టు తీసేస్తున్నదీ నేనే. మా ఇంటికి రా. మేఘన ముందు కూర్చుని చెప్పు. ఆ మధ్యాహ్నం ఆ బల్ల దగ్గర నిలబడి నేను నీతో ఏం అన్నాను?